కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పసరు మందు తాగే ముందు

కనిగిరి, పామూరు వైపు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) కాస్త పెరిగిందని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు ఉదయగిరి కొండ వేరో, గలిజేరు పసరో చెబుతారు. గట్టిగా వద్దంటే చాటుగా తాగుతారు, అది ఇంకా ప్రమాదం. పొడి, వేరు, సీసా ఏదైనా సరే, అట్టతో సహా సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. పచ్చి మొక్కయితే ఆకు, పువ్వు కనిపించేలా ఫోన్లో ఫొటో తీసుకోండి. పొడి కొట్టాక అది ఏ మొక్కో చూసి చెప్పడం కష్టం.

ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె) 30 లోపు ఉన్నా, డయాలసిస్ జరుగుతున్నా, కిడ్నీ మార్పిడి అయినా కొత్త ఆకుమందు మొదలుపెట్టొద్దు. మార్పిడి అయినవాళ్లకు తిప్పతీగ అసలు పనికిరాదు. అది రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది. మిగతావాళ్లు డాక్టరు ఒప్పుకుంటే, మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్) చూపించుకుని, రెండు వారాలకు అదే ల్యాబులో మళ్లీ చూపించుకోవాలి. ఒకసారికి ఒక్క మందే. పొటాషియం 5.5 దాటితే ఆపేసి ఆరోజే డాక్టరుకు చెప్పండి. 6 దాటినా, కాళ్లు పట్టుతప్పినా, గుండె దడగా ఉన్నా నేరుగా ఆసుపత్రికే.

పొటాషియం ఎక్కడి నుంచి వస్తుందంటే, గలిజేరులో బాగా ఉంటుంది. రాళ్లు కరిగిస్తాయనే మందుల్లో వేసే యవక్షారం దాదాపు పొటాషియం ఉప్పే. అనుపానంగా, అంటే మందుతో పాటు, తాగే కొబ్బరి నీళ్లు గ్లాసుకి 400–500 మిల్లీగ్రాములు కలుపుతాయి.

కషాయం విషయంలో ఎవరూ పట్టించుకోనిది నీళ్లు. నాలుగు గ్లాసులు పోసి ఒక గ్లాసుకి మరిగిస్తారు. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లతో కాస్తే కషాయంలో 8 దాకా వస్తుంది. తాగే నీళ్లకు గరిష్ఠ పరిమితి 1.5. ఆ ఫ్లోరైడును బయటికి పంపాల్సింది దెబ్బతిన్న కిడ్నీయే కదా! ఆర్వో నీళ్లే వాడండి.

ఈశ్వరి వేరు, గాడిదగడప మాత్రం ఏ దశలోనూ వద్దు. వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని మచ్చలు కట్టిస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. మానేసినా నష్టం పోదు. అట్ట మీద పాదరసం, హింగుళం, రససింధూరం (ఈ రెండూ పాదరసం ఉన్నవే), హరితాళం (ఆర్సెనిక్), నాగభస్మం (సీసం) కనిపిస్తే పక్కన పెట్టేయండి. అతిమధురం బీపీ పెంచుతుంది.

మోకాళ్ల నొప్పుల పొడి గంటలో నొప్పి లాగేసిందంటే అందులో నొప్పి బిళ్ల లేదా స్టెరాయిడ్ కలిపారని అనుమానించండి. నెలల తరబడి వాడి, ముఖం ఉబ్బి ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు. శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మానేసి ఉంటుంది. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

పసరు తాగాక క్రియాటినిన్ 3 నుంచి 2.6కి దిగితే మందు పనిచేసిందనుకుంటారు. పథ్యంలో మాంసం మానేస్తారు, నొప్పి బిళ్లలు ఆపుతారు. ఆ రెండింటికే తగ్గొచ్చు. తిండి తగ్గి కండ కరిగినా అంకె దిగుతుంది, అది మంచి గుర్తు కాదు. అందుకే రిపోర్టు పక్కన బరువు, బీపీ, అల్బుమిన్ కూడా రాసి పెట్టుకోండి. బీపీ, షుగరు బిళ్లలు ఆపితేనే పసరు పనిచేస్తుందని ఎవరైనా అంటే ఆ పసరే మానేయండి.