డెబియన్ ప్యాకేజీ కట్టడం నేర్చుకుందాం – 6వ పాఠం: లైసెన్సు ఒప్పుకోనప్పుడు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాకేజీ కట్టేటప్పుడు, ఏ ఫైలుకు ఏ లైసెన్సో నమోదు చేసే డెబియన్/కాపీరైట్ ఫైలు రాయడం పోయిన పాఠంలో చూశాం. అక్కడ అన్నీ జీపీఎల్, ఎంఐటీ లాంటి సులువైన లైసెన్సులే. ఈసారి అసలు చిక్కుకు వద్దాం. ప్రోగ్రాం బాగుంది, కోడు నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది, కానీ లైసెన్సులో ఎక్కడో ఒక షరతు అడ్డు తగిలింది.

ఉచితంగా దించుకోనివ్వడం వేరు, పదిమందికీ పంచే హక్కు ఇవ్వడం వేరు. మీ ప్యాకేజీ ఒకసారి డెబియన్‌లోకి వెళ్తే దేశదేశాల మిర్రర్ సర్వర్లు దాన్ని పంచుతాయి. వాటిని నడిపే కాలేజీలు, సంస్థలు మనం లైసెన్సు సరిగ్గా చదివామనే నమ్మకంతో ఆ పని చేస్తున్నాయి. అందుకే ఎంత విసుగు పుట్టినా లైసెన్సు చివరి వాక్యం దాకా చదవండి.

కొలబద్ద డీఎఫ్‌ఎస్‌జీ, అంటే 1997 నుంచీ ఉన్న డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమావళి. మార్చుకోవచ్చా, మార్చినదాన్ని పంచొచ్చా, అమ్మొచ్చా, ఎవరైనా ఏ పనికైనా వాడొచ్చా అని చూడాలి. 'వాణిజ్యానికి వాడరాదు' అని ఉంటే డెబియన్ అసలు భాగమైన మెయిన్ విభాగంలోకి రాదు. జేసన్ లైసెన్సులో 'మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు' అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఉద్దేశం మంచిదే, కానీ వాడకానికి షరతు పెట్టినట్టే కాబట్టి డెబియన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోదు. అలాగని షరతు కనబడగానే టెన్షన్ పడక్కర్లేదు. మల్లన్న, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లకున్న ఓఎఫ్‌ఎల్ లైసెన్సు ఫాంటును విడిగా అమ్మనివ్వదు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మనిస్తుంది. అది డెబియన్‌కు సమ్మతమే.

ఎక్కువసార్లు ఎదురయ్యే ఇబ్బంది ఇది: ప్రోగ్రామంతా స్వేచ్ఛా లైసెన్సులోనే ఉంటుంది, టార్‌బాల్‌లోని (రచయిత ఇచ్చే సోర్సు మూట) ఒకటి రెండు ఫైళ్లు మాత్రం ఆ లైసెన్సులో ఉండవు. డాక్ ఫోల్డర్‌లో రచయిత సౌకర్యానికి పెట్టుకున్న ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల) పత్రాలు దీనికి మంచి ఉదాహరణ. వాటిని మార్చి పంచడానికి సాధారణంగా అనుమతి ఉండదు. వాడేవారు ఇన్‌స్టాల్ చేసుకునే బైనరీ ప్యాకేజీలో పెట్టకపోతే చాలదా అనిపిస్తుంది. చాలదు, సోర్సు ప్యాకేజీని కూడా మనమే పంచుతున్నాం కదా. కాబట్టి డెబియన్/కాపీరైట్ పైభాగంలో ఈ వరుస చేర్చండి:

ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్: డాక్/ఆర్‌ఎఫ్‌సీ*.టీఎక్స్‌టీ

కొత్త వెర్షన్లు ఎక్కడ వెతకాలో చెప్పే డెబియన్/వాచ్ ఫైలులో రీప్యాక్‌సఫిక్స్=+డీఎఫ్‌ఎస్‌జీ అని పెట్టి యూస్కాన్ అనే పనిముట్టును నడపండి. అది కొత్త టార్‌బాల్ దించి, ఆ ఫైళ్లు తీసేసి, మళ్లీ కట్టి ఇస్తుంది. వెర్షన్ 2.4+డీఎఫ్‌ఎస్‌జీ-1 లాగా మారుతుంది. ఆ తోక చూడగానే ఇందులోంచి ఏదో తీసేశారని ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత తప్పకుండా ఒకసారి బిల్డ్ చేసి చూడండి. తీసేసిన ఫైలు కోసం మేక్‌ఫైల్ (బిల్డ్ సూచనల ఫైలు) వెతికితే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, దానికో చిన్న ప్యాచ్ (సవరణ) రాయాలి.

తీసేయడానికి వీల్లేనప్పుడో? మైక్రోసాఫ్ట్ వెబ్ ఫాంట్ల సంగతి చూడండి. ఏరియల్, వర్దానా, జార్జియా వంటివాటిని ఆ సంస్థ 1996లో ఉచితంగా ఇచ్చింది, 2002లో తన సైటు నుంచి తీసేసింది. ఇచ్చిన ఈఎక్స్‌ఈ ఫైలును ఉన్నదున్నట్టు పంచొచ్చు, విప్పి వేరేగా కట్టి పంచకూడదు. అందుకే డెబియన్‌లో ఫాంట్లు లేవు, వాటిని తెచ్చే స్క్రిప్టు ఉంది. అది సోర్స్‌ఫోర్జ్ సైటు నుంచి ఫైళ్లు దించి, క్యాబ్‌ఎక్స్‌ట్రాక్ట్‌తో వాడేవారి కంప్యూటర్‌లోనే విప్పుతుంది. స్క్రిప్టు స్వేచ్ఛగానే ఉన్నా పని బయటి సరుకు మీద ఆధారపడింది కాబట్టి దాని చోటు కాంట్రిబ్ విభాగం.

పంచడానికి అనుమతి ఉండి, మార్చడానికి లేకపోతే నాన్-ఫ్రీ విభాగం ఉంది. డెబియన్ దాన్ని తనలో భాగంగా లెక్కించదు. ఫర్మ్‌వేర్‌కు (హార్డ్‌వేర్ పరికరాలు నడవడానికి కావాల్సిన కోడుకు) మాత్రం 2022 ఓటింగ్ తర్వాత నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని వేరే విభాగం వచ్చింది, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. పంచడానికే అనుమతి లేకపోతే ఏ విభాగమూ లేదు, ఆ ప్యాకేజీని అప్‌లోడ్ చేయకూడదు.

నా మటుకు, ఈ దారులన్నిటికంటే ముందు రచయితకు ఒక ఉత్తరం రాయడం మంచిది. చాలామంది ఏదో ఒక లైసెన్సు ఉండాలి కదా అని పెట్టేస్తారు, దానివల్ల వచ్చే ఇబ్బంది వాళ్లకు తెలియదు. ఆ ఉత్తరం ఎలా రాయాలో, జవాబును కాపీరైట్ ఫైలులో ఎలా నమోదు చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం: ఫైళ్లలో లైసెన్సు వెతికే లైసెన్స్‌చెక్‌ను మీరు కట్టిన ప్యాకేజీ సోర్సు మీద -ఆర్ ఆప్షన్‌తో నడపండి. 'అన్‌నోన్' అని వచ్చిన ప్రతి ఫైలునూ తెరిచి, లైసెన్సు ఎక్కడుందో వెతికి రాసుకోండి. బొమ్మల ఫోల్డర్‌ను వదిలేయకండి.