క్యాబిన్‌లో తీపి వాసన వస్తోందా? ఘాట్ ఎక్కకండి

మొన్న రాత్రి మా వీధి కుర్రాడి పికప్‌ను సాలూరు ఘాట్ నుంచి తాడు కట్టి లాక్కొచ్చారు. కోరాపుట్‌కి మామిడికాయల లోడు. సగం ఎక్కేసరికి అద్దం లోపలి నుంచి మసకబారి, మలుపు కనబడక పిట్టగోడకి రాసేశాడు. ప్రాణం దక్కింది. ఇంజిన్ దక్కలేదు, హెడ్డు (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) అప్పటికే వంగిపోయింది. నాలుగు రోజుల ముందే నాతో అన్నాడు, "క్యాబిన్లో బెల్లం పాకం వాసనొస్తంది మావయ్యా" అని. షెడ్డుకి తీసుకురమ్మన్నాను. "ఏటీ కాదు, నీళ్లు పోసుకుంటా ఎల్లిపోతాను" అన్నాడు.

విజయనగరంలో ఇరవై ఏళ్లుగా డీజిల్ బళ్ల పని చేస్తున్నాను. నా షెడ్డుకి ఇంజిన్ పోగొట్టుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే: వాసన వచ్చినా లీకు వెతక్కుండా నీళ్లు పోసుకుని నడపడం. ఇప్పుడు రామభద్రపురం కూరగాయలు, మామిడి లోడ్లు ఒడిశా వైపు ఎక్కే రోజులు. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటే పాత హోస్ పైపులెంత?

టైర్లు, బ్రేకుల సంగతి మీకు తెలిసిందే, చెప్పను.

వాసన ఎక్కడిది

ఆ తీపి వాసన కూలెంట్‌ది, అంటే ఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఇంజిన్ చల్లబరచడానికి పోసే ద్రవానిది. హీటర్ ఉన్న బండిలో డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఒకటి ఉంటుంది, హీటర్ కోర్. ఇంజిన్‌లోని వేడి కూలెంట్ అందులోకి వచ్చి వెళ్తుంది. అది కారితే ముందు సీట్ల దగ్గర కాళ్ల కింద మ్యాట్ తడుస్తుంది, బ్లోయర్ వేయగానే అద్దానికి లోపల జిడ్డు పొర పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోదు, చారలు కడుతుంది. కుర్రాడి బండిలో జరిగింది అదే.

బానెట్ కింద కారినా వాసన లోపలికి వస్తుంది, ఎందుకంటే గాలి లాక్కునే సందు అద్దం మొదట్లోనే ఉంటుంది. బ్లోయర్‌ని బయటి గాలి నుంచి లోపలి గాలికి మార్చి చూడండి. తగ్గితే బానెట్ కింద వెతకాలి. తగ్గకపోతే హీటర్ కోర్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజిన్ సీటు కింద ఉండే చిన్న బళ్లకి ఈ పరీక్ష పనికిరాదు, సీటు ఎత్తి చూడాల్సిందే.

మ్యాట్ మీద తడి ఏసీదేమో అనుకుంటే తెల్లగుడ్డ అద్దండి. ఏసీ నీటికి రంగుండదు. కూలెంట్ రంగు గుడ్డకి అంటుతుంది, వేళ్ల మధ్య జారుతుంది. నాలుక మీద పెట్టి చూసేవాళ్లున్నారు. అది విషం, కిడ్నీలు పోతాయి.

లీకు పట్టడం

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బాటిల్ మీద మట్టం గీత పెట్టుకోండి. మర్నాడు అదే వేళకి చూడండి. హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద రంధ్రం దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర ఉప్పు పేరినట్టు మరక ఉందేమో వెతకండి. కనబడకపోతే షెడ్డులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. రేడియేటర్ మూత మీద ఎంత ప్రెషర్‌కో 0.9 బార్ అనో 1.1 బార్ అనో రాసి ఉంటుంది, అంతవరకే గాలి కొట్టి ఆపుతారు. టెస్ట్ మీటర్ ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ మూతని కూడా పరీక్షించమనండి.

బయట తడి లేకుండా మట్టం తగ్గుతూ, పొగ తెల్లగా వస్తుంటే, లేదా ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయిందనుకోండి. బండి కదపొద్దు.

హీటర్ కోర్ మార్చాలంటే చాలా బళ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. లోడ్ల రోజుల్లో అంత టైం లేకపోతే దానికి వెళ్లే రెండు హోసులనీ బానెట్ వైపు ఒకదానికొకటి కలిపి బైపాస్ చేయించండి. ఎండాకాలం గడిచిపోతుంది. వానలకి ముందు మాత్రం కోర్ మార్పించాలి, అద్దం మసక తీయడానికి హీటర్ కావాలి.

మళ్లీ చెప్తున్నాను, నీళ్లు పోసి నడపొద్దు. ఉత్త నీళ్లు కూలెంట్ కంటే ముందే మరుగుతాయి, బోరు నీళ్లయితే లోపల పొలుసు కడతాయి. "టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉంది కదా" అంటారు. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే ముల్లు నిజం చెబుతుంది. కూలెంట్ అయిపోతే ఉత్త ఆవిరిలో ఉండి తప్పు చూపిస్తుంది. కుర్రాడి ముల్లు చివరిదాకా సగంలోనే ఉంది. దారిలో ఇరుక్కుని, ఇంజిన్ చల్లారాక తప్పక పోశారా, అది దగ్గర్లోని షెడ్డు దాకానే. లోడు దించే ఊరి దాకా కాదు.

వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు, తడిగుడ్డ వేసి కూడా వద్దు. ప్రెషర్‌లో ఉన్న కుక్కర్ మూత తీసినట్టే, లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటి ఉండొచ్చు. పై హోస్ చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగండి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్డు పగులుతుంది. లీకు ఆగుతుందని రేడియేటర్‌లో పసుపు వెయ్యొద్దు. లీకు పొడులు వెయ్యొద్దు. రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంట్లు కలపొద్దు. పారబోసింది వాకిట్లో వదలొద్దు, తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. టెంపరేచర్ ముల్లు లేస్తే ఏసీ కట్టేసి, బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపండి. అద్దం మసకబారితే కిటికీలు దించి అక్కడే ఆగండి. నీళ్లు పోసి నడపొద్దు. ఘాట్‌కి ముందు సాలూరులో ఆపి బాటిల్ మట్టం బయట నుంచే చూడండి. వాసన తగిలితే అక్కడే ఆగిపోండి. సాలూరులో లారీ మెకానిక్కులకి కొదవ లేదు, ఘాట్ మధ్యలో ఎవరూ దొరకరు.