పాత ఇంజన్ కొనేముందు నేను చూసుకున్నవి

తిరుమల ఘాట్ ఎక్కుతుంటే హీటెక్కి మా పాత కారు ఇంజన్ సీజ్ అయింది, అంటే లోపల బిగుసుకుపోయింది. బాగు చేయించే ఖర్చు విని, తిరుపతిలోనే ఒక స్క్రాప్ షాపుకు పోయాను. షాపాయన 'మంచి కండిషన్‌లో ఉందన్నా, తీసుకుపో' అన్నాడు. దయచేసి మాట మీద కొనకండి.

మొదట ఆయిల్ మూత తీసి చూశా. అక్కడ మజ్జిగ రంగు జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య లీకు కాకుండా వేసే పలచని సీలు) పోయుండొచ్చు. తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్ చివరుండే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పాను, ఎక్కడా పట్టలేదు.

అసలు పరీక్ష కంప్రెషన్ గేజ్‌తోనే, అంటే ప్లగ్గు రంధ్రంలో పెట్టి సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే మీటరుతో. గేర్‌బాక్స్‌తో సహా ఉంది కాబట్టి స్టార్టర్‌కు బ్యాటరీ కలిపి, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి పోయే దారి) పూర్తిగా తెరిచి తిప్పితే మూడు సిలిండర్లలో రెండు 160 పీఎస్‌ఐ చూపించాయి, ఒకటి 110 దగ్గరే ఆగింది. దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే 150కి లేచింది, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు; లేవకుంటే వాల్వులో గ్యాస్కెట్టో అనుకోవాలి. దాన్ని వదిలేసి, మూడూ దగ్గర దగ్గరగా చూపించిన ఇంకో ఇంజన్ తీసుకున్నా.

బిల్లు మీద ఇంజన్ నంబరు తప్పకుండా రాయించుకోండి. ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో మార్పించుకోవాలి, దొంగబండి ఇంజనైతే ఇరుక్కునేది మనమే.