కావ్యాల్లో శోకాన్ని పోల్చి చదవడం: 4వ పాఠం

సీతా పరిత్యాగ ఘట్టాన్ని వాల్మీకి, కాళిదాసు, భవభూతి ముగ్గురిలోనూ చదివి పోల్చమని పోయిన పాఠంలో అడిగాను. చాలా జవాబులు ‘ఎవరు ఎక్కువ ఏడిపించారు’ దగ్గరే ఆగిపోయాయి. శోకాన్ని తూకం వేస్తే పోలిక ముందుకు సాగదు. అందుకే ఇవాళ్టి కొత్త పాఠం పక్కన పెట్టి, మళ్లీ అక్కడికే వెళ్దాం. కథలో తేడాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

నేను ముందుగా చూసేది ఒక్కటే: ఈ మాట ఎవరు, ఎవరు వింటుండగా అన్నారు?

‘అపి గ్రావా రోదితి’, అంటే రాయి కూడా ఏడుస్తుంది అన్న శ్లోకాన్ని, సీతను వదిలేశాక రాముడు పడ్డ బాధకు ఉదాహరణగా చాలామంది ఇచ్చారు. కాదు. అది భవభూతి నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకంలో చిత్రపటం చూస్తూ లక్ష్మణుడన్న మాట. ఆ బొమ్మలో ఉన్నది వనవాసకాలంలో, జనస్థానం అనే అడవిలో సీతను పోగొట్టుకున్న రాముడు. పరిత్యాగం ఇంకా జరగలేదు. పైగా సీత పక్కనే ఉండి వింటోంది! తన కోసం రాళ్లను ఏడిపించినవాడే ఆ అంకం ముగిసేలోగా తనను అడవికి పంపుతాడని ఆమెకు తెలియదు. శ్లోకాన్ని అక్కణ్నుంచి ఊడబెరికితే ఈ దెబ్బంతా పోతుంది. ‘పుటపాకం’ పోలిక, అంటే రాముడి శోకం మూసిన పాత్రలోలా లోలోపలే ఉడుకుతోందన్నది కూడా రాముడు చెప్పుకున్నది కాదు, మూడో అంకం మొదట్లో మురళ అనే నది తమస అనే మరో నదితో అన్నది. ఆ తర్వాత రాముడు ఏడుస్తుంటే, తమసకు తప్ప ఎవరికీ కనబడని సీత వింటూ ఉంటుంది. సూక్తుల పుస్తకాల్లోంచి శ్లోకాలు ఏరుకోకండి. దయచేసి ముందువీ వెనకవీ నాలుగేసి శ్లోకాలు చదవండి.

వాల్మీకి సీత, తన దేహాన్ని దుఃఖం కోసమే సృష్టించారని లక్ష్మణుడితోనే అంటుంది. రాముడికి పంపిన కబురులో మాత్రం పౌరులను తమ్ముళ్లలా చూసుకోమంటుంది. కాళిదాసు రఘువంశం 14వ సర్గలో సీత ఆ కబురులోనే రాముణ్ణి నిలదీస్తుంది: నీ కళ్లెదుటే అగ్నిలో శుద్ధినైన నన్ను లోకం మాట విని వదిలేశావే, ఇది నీ చదువుకు తగిందా, నీ వంశానికి తగిందా?

లక్ష్మణుడు వెళ్లిపోయాకే ఇద్దరిలోనూ ఆమె గొంతెత్తి ఏడుస్తుంది. అక్కడ నెమళ్లను చూడండి. కాళిదాసు అడవిలో అవి ఆట మానేస్తాయి, చెట్లు పూలు రాలుస్తాయి, జింకలు అందుకున్న దర్భలు వదిలేస్తాయి. వాల్మీకి అడవి నెమళ్ల కూతలతో మారుమోగుతూనే ఉంటుంది. నాకు వాల్మీకి అడవిలోనే సీత మరీ ఒంటరిగా కనిపిస్తుంది.

అభ్యాసం: తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణంలో ఇదే ఘట్టం తీయండి. సీత విలపించే ప్రతి పద్యం పక్కనా వింటున్నవారి పేరు రాయండి. ఎవరూ లేకపోతే ఆ మాటే రాయండి. ‘హృద్యంగా వర్ణించాడు’ అన్న వాక్యం ఈసారి ఒక్క జవాబులోనూ ఉండకూడదు.