సిటీ వదిలి చిన్న పిల్లలతో నెల్లూరు, ప్రకాశం వైపు మారిపోవాలంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటూ, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఏ కొండో ఏరో సముద్రమో దగ్గరగా ఉండే చోటికి వెళ్లిపోదామా అని రాత్రిళ్లు లెక్కలేసుకునే వాళ్ల కోసం ఇది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల గురించే చెప్తాను. సరిహద్దులు ఈ మధ్య మారుతూనే ఉన్నాయి, 2022లో కందుకూరు నెల్లూరులోకి వెళ్లింది, ఆ తర్వాతా కదలికలు ఆగలేదు, అందుకని ఉమ్మడి జిల్లాల లెక్కలోనే మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందమైన చోటు ఇంటికి గంట దూరంలో ఉన్నా సరిపోతుంది. ఇల్లు మాత్రం మంచినీళ్లు, పిల్లల డాక్టరు, బస్సు ఈ మూడూ ఉన్న చోటే ఉండాలి. సముద్రం ఎదురుగా ఇల్లు దొరికింది కదా అని ముందు అడ్వాన్స్ ఇచ్చేసి, తర్వాత ఈ మూడింటి కోసం వెతికితే సంసారం మొత్తం బైక్ మీదే గడుస్తుంది.

ఏ వైపో ముందు తేల్చుకోండి

ఈ రెండు జిల్లాలూ ఒకే రకంగా ఉండవు. తూర్పున సముద్రం, మధ్యలో హైవే, రైలు పట్టాలు, వాటి వెంట నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు. పడమటికి పోయేకొద్దీ మెట్ట, ఆపైన వెలిగొండలు, ఇంకా పైకి మార్కాపురం, గిద్దలూరు దాటితే నల్లమల.

తీరం వైపు మైపాడు, రామతీర్థం, పాకల, కొత్తపట్నం ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, సాయంత్రం గాలి బాగుంటుంది, కానీ తీర మండలాల్లో చాలా చోట్ల రొయ్యల గుంటలు ఉన్నాయి, వాటి చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పగా మారిపోవడం మామూలే. కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు పోర్టు, థర్మల్ ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ ప్రశాంతత కోసం వెతకడం దండగ. ఇంకో సంగతి, ఈ తీరంలో అల లోపలికి లాగేస్తుంది, మైపాడులోనూ కొత్తపట్నంలోనూ పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. సముద్రం పక్కన ఉంటే పిల్లలు రోజూ ఈత కొడతారని ఊహించుకుంటున్నట్టయితే ఆ ఊహ ఇక్కడే వదిలేయండి.

కొండల వైపు పెంచలకోన, ఉదయగిరి, సోమశిల, భైరవకోన, అటు కంభం చెరువు, ఇవన్నీ నిజంగానే అందమైన చోట్లు. కంభం చెరువుని విజయనగర కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి కట్టారు, నిండినప్పుడు చూస్తే ఇక్కడే ఉండిపోదామనిపిస్తుంది. సరే, అక్కడి నుంచి రాత్రి పన్నెండింటికి జ్వరంతో ఉన్న రెండేళ్ల బిడ్డని ఎక్కడికి తీసుకెళ్తారు? ఈ ప్రశ్నకి జవాబు ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. లేనివాళ్లకి ఆత్మకూరు, కావలి, కందుకూరు లాంటి మధ్యరకం పట్టణాలో, నెల్లూరు, ఒంగోలు శివార్లలోని ఊళ్లో నయం. ఆత్మకూరు నుంచి సోమశిల దగ్గరే. ఒంగోలు నుంచి కొత్తపట్నం ఇరవై కిలోమీటర్ల లోపే. ఆదివారం పొద్దున వెళ్లి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు.

రాకపోకల మాట. నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో సుమారు మూడు గంటలు, ఒంగోలు నుంచి విజయవాడ అంతకంటే దగ్గర. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023లో మొదలైంది, ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగుతుంది. నెలకోసారి ఆఫీసుకి మొహం చూపించాల్సిన వాళ్లు రైలు ఆగే ఊరికి దగ్గరగా ఉండటమే మంచిది.

మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి వెళ్లి చూడండి

అందరూ సంక్రాంతికి వెళ్తారు. పొలాలు పచ్చగా ఉంటాయి, చలి కాస్త ఆహ్లాదంగా ఉంటుంది, బంధువులు నాటుకోడి వండిపెడతారు, దాంతో సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. జనవరిలో చూసి ఊరిని ఎంచుకోవద్దు.

మే నెల చివర్లో వెళ్లండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, నెల్లూరు, ఒంగోలులో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పై అంతస్తు పోర్షన్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి నిలబడి చూడండి, స్లాబు వేడి ఎంత దిగుతుందో, ట్యాంకులో నీళ్లు ఎంత కాగుతాయో తెలుస్తుంది. ఆ నెలలో చెరువు ఎండిందా, బోరు పోస్తోందా, వీధికి ట్యాంకరు వస్తోందా అనేది కూడా అప్పుడే కనిపిస్తుంది.

నవంబరులో మళ్లీ వెళ్లండి. హైదరాబాద్ వాళ్లకి వానాకాలమంటే జూన్, జూలై. ఇక్కడ, ముఖ్యంగా నెల్లూరులో, అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైంది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని కాకుండా పక్క వీధి కిరాణా కొట్టాయన్ని అడగండి, ఆ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తాడు.

పొగాకు పండించే ఊళ్లయితే, కందుకూరు, కొండపి, టంగుటూరు చుట్టుపక్కల అన్నమాట, ఆకు కాల్చే సీజన్లో కూడా ఒకసారి తిరిగి రండి. ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లకి దగ్గరగా ఇల్లుంటే ఆ పొగా వాసనా ఇంట్లోకి వస్తాయి, ఆయాసం ఉన్న పిల్లలకి అది పడదు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలూ దుమ్మూ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు పరీక్ష చేయించండి, ఇది వాయిదా వేయకండి

పిల్లలున్న ఇంట్లో అన్ని లెక్కల కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు, ఇటు ఉదయగిరి మెట్ట ఊళ్లలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఎప్పటి నుంచో ఉంది. తాగే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు అన్నది మన దేశంలో ప్రమాణం. అంతకు మించితే ముందు పట్టుకునేది పిల్లల పళ్లనే, ఎందుకంటే శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే, అప్పుడు పడ్డ గార తర్వాత తోమితే పోదు. ఏళ్ల తరబడి తాగితే ఎముకల దాకా వస్తుంది.

చాలామంది కాచి తాగుతాం కదా అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దీనికి పనికిరాదు, ఆర్వో కావాలి. చేత్తో పట్టుకునే టీడీఎస్ మీటరు కూడా ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. అందుకని అద్దెకి తీసుకోబోయే ఇంటి బోరు నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులోనో ప్రైవేటు ల్యాబులోనో ఇవ్వండి, ఫ్లోరైడ్, ఉప్పు శాతం, గట్టిదనం మూడూ చూడమనండి. తాగడానికి క్యాను తెప్పించుకుంటాం, బోరు నీళ్లతో మనకేం పని అనుకోకండి. అన్నం, పప్పు వండేది ఏ నీళ్లతో?

ఇద్దరిలో ఎవరి పని ఏమవుతుందో ముందే మాట్లాడుకోండి

మారిపోదామన్న కోరిక ఎక్కువగా ఒకరిదే అయి ఉంటుంది. భర్త ల్యాప్‌టాప్ ఆయనతో పాటే వస్తుంది, భార్య ఉద్యోగం సిటీలోనే ఆగిపోతుంది. అటుది ఇటు కూడా జరగొచ్చు కానీ మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. పైగా ఊరు ఆయనవాళ్ల ఊరైతే ఆమెకి ఇరవై నాలుగు గంటలూ అత్తగారిల్లే. పచ్చని పొలాలు చూస్తూ కాఫీ తాగే ఫొటోలో ఈ సంగతి కనిపించదు. ఆమె ఏం పని చేస్తుంది, ఎవరితో మాట్లాడుతుంది, స్కూటీ ఎవరి దగ్గర ఉంటుంది, వంటకి మనిషి దొరుకుతుందా, ఇవన్నీ కూర్చుని తేల్చుకున్నాకే మిగతావి.

ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఆ ఇంట్లోనే ఫోన్ పెట్టి ఒక గంట వీడియో కాల్ మాట్లాడి చూడండి. ఊరి మొదట్లో వచ్చే సిగ్నల్ చివరి వీధిలో రాదు. ఫైబర్ ఒకటి, వేరే కంపెనీ సిమ్ ఒకటి, ఇన్వర్టరు, ఈ మూడూ పెట్టుకోవాల్సిందే, తుపాను వచ్చినప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కంపెనీ అనుమతి నోటి మాటగా కాకుండా మెయిల్లో తీసుకోండి.

స్కూలు, స్థానికత

జూన్ రెండో వారంలో ఏపీలో స్కూళ్లు తెరుస్తారు, సీబీఎస్ఈ బళ్లు కొన్ని ఏప్రిల్లోనే కొత్త తరగతి మొదలుపెట్టేస్తాయి, దాన్ని బట్టి తేదీ చూసుకోండి. బెంగళూరులో పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చినా అక్షరాలు రావు, ఆ వేసవి సెలవుల్లో గుణింతాల దాకా నేర్పేస్తే బడిలో ఏడుపు తగ్గుతుంది.

చాలామందికి తట్టనిది స్థానికత. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో స్థానిక కోటా కోసం ప్రధానంగా చూసేది, అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. చిన్న పిల్లలతో వచ్చేస్తే ఇక్కడివాళ్లే అయిపోతారు, గొడవే లేదు. పెద్దమ్మాయి తొమ్మిదిలోనో పదిలోనో ఉంటే మాత్రం కదిలే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఈ కోటా లెక్కలో నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతంలోకి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయని కూడా గుర్తుంచుకోండి. టీసీతో పాటు చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి, పదేళ్ల తర్వాత ఆ స్కూలు ఉంటుందో లేదో.

ముందు అద్దెకి ఉండండి, భూమి జోలికి పోకండి

అద్దె అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. జూన్లో దిగినా ఒక తుపాను సీజనూ ఒక ఎండాకాలం మొదలూ అందులోనే చూసేస్తారు. ఊరి బయట తోటలో ఒంటరి ఇల్లు కన్నా ఊరి మధ్యలో పాత ఇల్లు మేలు, పిల్లలకి ఆడుకోను జనం ఉంటారు, పాము కనిపిస్తే కేకేస్తే పలికేవాళ్లుంటారు. పాము మాట తమాషాకి అనట్లేదు, వరి పొలాల పక్కన నాగుపాము, రక్తపింజర రెండూ తిరుగుతాయి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని పెట్టుకోండి, కాటు వేస్తే మంత్రగాడి దగ్గరికి కాకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇల్లు అడగ్గానే ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు అని మొదలవుతుంది. ఇంటిపేరు అడిగేది కులం కోసమేనని అందరికీ తెలుసు. చిరాకుగానే ఉంటుంది, అది చూసి ఇల్లు ఇవ్వనివాళ్లూ ఉంటారు. తెలిసినవాళ్ల ద్వారా వెళ్తే ఈ తంతు కాస్త తగ్గుతుంది.

దిగిన నెలలోపే స్థలం కొనమని ఎవరో ఒకరు వస్తారు. రామాయపట్నం పోర్టు వస్తోంది, దగదర్తి ఎయిర్‌పోర్టు వస్తోంది, నడికుడి–శ్రీకాళహస్తి రైలు వస్తోంది అని చెప్పి అంకణాల (ఇక్కడి స్థలం కొలత) లెక్కన రేటు చెప్తారు. ఏడాది దాకా వినండి, నవ్వండి, కొనకండి. తర్వాత కొనాలనిపిస్తే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించండి, అడంగల్, వన్‌బీ అనే రెవెన్యూ రికార్డులు చూడండి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. నెల్లూరు, ప్రకాశంలో అసైన్డ్ భూములూ (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), చుక్కల భూములూ (రికార్డులో పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి) చాలా ఉన్నాయి, కాగితం చూడ్డానికి బాగానే ఉండి రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోవచ్చు. సముద్రం ఒడ్డు స్థలమైతే, అల పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, ఇల్లు కట్టనిస్తారో లేదో తెలియకుండా బయానా ఇవ్వకండి.

సామాను, కాగితాలు

లారీ అక్టోబరు, నవంబరుల్లో మాట్లాడుకోకండి, పరుపులు తడుస్తాయి. ముందు ఒకరు వెళ్లి ఫ్యాన్లు, దోమల మెష్, ఆర్వో, ఇన్వర్టరు బిగించేసి వస్తే, పిల్లలతో దిగిన రోజు రాత్రి నిద్ర పడుతుంది. కాలవలూ వరీ ఉన్న ఊళ్లలో దోమలు ఘోరం, మెష్ విషయంలో డబ్బు చూసుకోవద్దు.

దిగాక ఆధార్‌లో అడ్రస్ ముందు మార్చుకోండి, గ్యాసు, బ్యాంకు, మిగతావన్నీ దాని వెంట నడుస్తాయి. ఓటు మార్చుకోడానికి ఫారం 8. పిల్లల టీకాల కార్డు ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి చూపించండి, మిగిలిన టీకాలు ఆమే గుర్తుచేస్తుంది. ఆరోగ్య బీమా కార్డు ఉంటే నెల్లూరు, ఒంగోలులో ఏయే ఆసుపత్రులు దాని కిందికి వస్తాయో లిస్టు తీసి ఫ్రిజ్ మీద అంటించండి. తెలంగాణ, కర్ణాటక నంబరు బండి ఇక్కడ పన్నెండు నెలలకి మించి ఉంచాలంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి పాత ఆర్టీఓ దగ్గర ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, తిరిగే ఓపిక ఉంటే. ఆ ఎన్ఓసీ మాత్రం సిటీలో ఉండగానే తీసేసుకోండి, ఒక్క కాగితం కోసం మళ్లీ రైలెక్కాల్సిన పని తప్పుతుంది.