బంతితో శక్తి లెక్క తేల్చడం ఎలా?

గోడకి కొలత టేపు నిలువుగా అతికించండి, సున్నా నేలకి ఆనాలి. టెన్నిస్ బంతి అడుగు భాగం 100 సెంటీమీటర్ల గీత దగ్గర ఉండేలా పట్టుకుని, తొయ్యకుండా వదిలేయండి.

58 గ్రాముల బంతికి అక్కడ స్థితిశక్తి (ఎత్తులో ఉన్నందువల్ల ఉండే శక్తి) = కిలోల్లో ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × మీటర్లలో ఎత్తు = 0.058 × 9.8 × 1, అంటే సుమారు 0.57 జౌళ్లు. నేల తాకేసరికి దాదాపు అంతా గతిశక్తే, అంటే కదలిక వల్ల ఉండే శక్తే. వేగం సెకనుకు 4.4 మీటర్లు. గచ్చు మీద 55 సెంటీమీటర్లు లేచిందనుకోండి, మిగిలింది 0.31 జౌళ్లు. తక్కిన 0.26లో ఎక్కువ భాగం నొక్కుకున్న రబ్బరులో వేడిగా మారింది, ‘టప్’మన్న చప్పుడుగా వెళ్లింది చాలా తక్కువ. పిల్లలు ఇక్కడే ‘శక్తి నశించింది’ అని రాస్తారు. ఆ మాట తప్పక దిద్దించండి.

లేచిన ఎత్తుని బంతి పైభాగం దగ్గర చదివితే 6 సెంటీమీటర్లకి పైగా ఎక్కువొస్తుంది. కన్ను గీతకి సమానంగా ఉంచండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే మరీ మేలు. అయిదుసార్లు వేసి సగటు తీయండి.