ఆర్గన్ గొట్టం చేద్దాం – 5వ పాఠం: పై పెదవి

ఆర్గన్ అంటే తిత్తి గాలితో గొట్టాలు పలికే వాద్యం. పోయిన పాఠం చూసి గొట్టానికి నోరు (ముందువైపు ఉండే తెరపు, దాని పై అంచే పై పెదవి) కోసినవాళ్లలో చాలామందికి స్వరం పలకలేదు, బుస్సుమని గాలే వచ్చింది. తప్పులో సగం నాది. నోటి ఎత్తు వెడల్పులో పావు దగ్గర ఆగాలన్నానే తప్ప, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. వెడల్పు 40 మి.మీ. కదా అని ఒక్క కోతలో 10 తీశారు. పెచ్చు లేచింది. దాన్ని సరిచేయబోయి 14 దాకా పోయారు.

8 దగ్గర మొదలుపెట్టండి. ఆకురాయితో అర మి.మీ. తీయడం, వినడం, మళ్లీ తీయడం. నోరు చిన్నగా ఉంటే స్వరం పదునుగా ఉంటుంది, గాలి కాస్త ఎక్కువైతే పై స్థాయికి ఎగిరిపోతుంది. పెంచేకొద్దీ మెత్తబడుతుంది, స్వరం పలకడం ఆలస్యమవుతుంది, చివరికి బుసే మిగులుతుంది.

ఎక్కువ కోసేసినవాళ్లు పెదవికి సన్నటి టేకు చీలిక అతికించండి. పుట్టీ పూయకండి, దానికి అంచు నిలవదు. తగరం, సీసం కలిపిన గొట్టాలైతే రేకు ముక్కను టంకంతో అతుకుతారు. తర్వాతి తరాలు పెంచేసిన నోళ్లను పాత ఎత్తుకు దించడానికి ఆర్గన్లు బాగుచేసేవాళ్లు చేసేదీ ఇదే.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి: గొట్టాన్ని మన నోటితో ఊది పరీక్షించడం. వద్దన్నా ఊదారు! నోటితో ఒకసారి ఊదినదానికీ ఇంకోసారి ఊదినదానికీ ఒత్తిడి ఒకలా ఉండదు. పైగా ఊపిరి వెచ్చన. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది, అర్ధస్వరానికి 100 సెంట్లు. నోటితో కుదిర్చిన గొట్టాన్ని తిత్తి మీద పెట్టగానే శ్రుతి దిగేది అందుకే. గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని వినడం కూడా అంతే, వేడెక్కుతుంది.

మనకు కావాల్సింది 60 మి.మీ. నీటి ఒత్తిడి. ప్లాస్టిక్ ట్యూబును యు ఆకారంలో వంచి, రంగునీళ్లు పోసి, ఒక కొస తిత్తికి తగిలిస్తే రెండు మట్టాల తేడా కనిపిస్తుంది. పై పలక ఒరగకుండా సమంగా లేచే 30 × 30 సెం.మీ. తిత్తికి ఆ పలకతో కలిపి 5.4 కిలోల బరువు చాలు. నేను ఇటుకలే వాడతాను.

పారిస్‌లో ఆర్గన్లు చేసిన కవాయే-కోల్ పై స్వరాలకు కింది స్వరాలకంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చాడు. అక్కడి సాన్-సుల్పీస్ చర్చిలో 1862 నాటి అతని ఆర్గన్ వినండి. నా చెవికి మాత్రం జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో 1714లో జిల్బర్‌మన్ అనే ఆర్గన్ల తయారీదారు పూర్తిచేసిన ఆర్గనే హాయి.

గాట్ల (నోటి దగ్గర గాలి వచ్చే సందు అంచున పెట్టే చిన్న కోతల) గురించి అడిగినవాళ్లకు: నేను పెట్టను, అవసరమైతే తర్వాత చూద్దాం.

అభ్యాసం: ఒకే గొట్టం, ఒకే ఒత్తిడి. నోటిని 8 నుంచి 12 మి.మీ. దాకా అర చొప్పున పెంచుతూ, తొమ్మిది మెట్లలో ప్రతి స్వరాన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. 12 దాకా కోశాక ఆ గొట్టం పాడైనట్టే, పెదవికి చీలిక అతికించండి. లేదా ఇంకొకటి చేసుకోండి.